ఇన్‌కం ట్యాక్స్ కాగితాలు ఏడాది పొడవునా సర్దిపెట్టుకోవడం ఎలా?

జూలై వచ్చిందంటే చాలు, అందరూ అడిగేది ఒకటే: "రిటర్న్ వేయడానికి ఏ ఏ కాగితాలు కావాలి?" జాబితా చెప్పడం కష్టం కాదు. ఆ జాబితాలో సగం కాగితాలు అప్పటికి దొరకకపోవడమే కష్టం. మందుల షాపు బిల్లు మీద అక్షరాలు వెలిసిపోయి ఉంటాయి. పాత ఇంటి ఓనరు ఫోన్ ఎత్తడు. ఉద్యోగం మారినవాళ్లకు పాత కంపెనీ పోర్టల్ తెరుచుకోదు. అందుకే ఈ పని ఏప్రిల్‌లో మొదలుపెట్టి, నెలకో అరగంట చొప్పున చేసుకుంటూ పోవాలి. జీతం, పెన్షన్, ఇంటి అద్దె, బ్యాంకు వడ్డీ, కాసిని షేర్లు, మ్యూచువల్ ఫండ్లు ఉన్న మామూలు కుటుంబాలకు సరిపోయే పద్ధతి ఇక్కడ చెబుతున్నాను. వ్యాపారం ఉన్నవాళ్ల ఖాతా పుస్తకాల లెక్క వేరు, దాని జోలికి వెళ్లడం లేదు.

ముందుగా ఒక అపోహ వదిలించుకోండి. "మేం కొత్త పన్ను విధానంలో ఉన్నాం, సేవింగ్స్ చూపించేది లేదు, ఇక కాగితాలెందుకు?" అని చాలామంది అంటుంటారు. మన ఇళ్లల్లో ట్యాక్స్ ఫైలు తెరిస్తే ఎల్‌ఐసీ రసీదులు, పిల్లల ఫీజు రసీదులు, పీపీఎఫ్ పాస్‌బుక్ కనిపిస్తాయి. అవన్నీ పన్ను తగ్గించుకునే కాగితాలు. ఆదాయం చెప్పే కాగితాలు మాత్రం ఉండవు. నోటీసులు ఎక్కువగా వచ్చేది మర్చిపోయిన ఆదాయం మీదే: ఎప్పుడో వేసిన ఎఫ్‌డీ వడ్డీ, అమ్మేసిన ఫండ్ యూనిట్లు, డివిడెండ్, పాత కంపెనీలో మూడు నెలల జీతం. ఏ విధానంలో ఉన్నా వీటి లెక్క చెప్పాల్సిందే. కాబట్టి ఫైల్లో మొదటి చోటు ఆదాయం కాగితాలకు ఇవ్వండి.

ఇక్కడ చెప్పిన పరిమితులు 2025-26 ఆర్థిక సంవత్సరానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం 2025 అమలవుతుంది కాబట్టి ఆ తర్వాతి ఆదాయానికి సెక్షన్ల నంబర్లు మారతాయి. జనం నోట్లో ఉన్నవి పాత పేర్లే గనుక ఫారం 16 (జీతం, దాని మీద కోసిన పన్ను చూపుతూ యజమాని ఇచ్చే సర్టిఫికెట్), 80సీ, 80డీ (పొదుపుకు, ఆరోగ్య బీమాకు తగ్గింపు ఇచ్చే సెక్షన్లు) అనే ఇక్కడ రాస్తున్నాను. పేరు మారినా పెట్టుకోవాల్సిన కాగితం అదే.

కావలసినవి

- ఒక బాక్స్ ఫైలు, అందులో ఆరేడు ప్లాస్టిక్ కవర్లు
- ఒక నోటు పుస్తకం, లేదా ఫోన్‌లో ఎక్సెల్ షీటు
- కాగితం స్కాన్ చేసే యాప్ ఏదైనా ఒకటి
- ఫోన్‌లో కాకుండా ఇంకో చోట కూడా కాపీ ఉంచే వీలు: క్లౌడ్ గానీ పెన్‌డ్రైవ్ గానీ
- ఇన్‌కం ట్యాక్స్ ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో మీ సొంత లాగిన్

ఈ చివరిదాని గురించి గట్టిగా చెబుతున్నాను. రిటర్న్ ఎవరితో వేయించుకున్నా సరే, పోర్టల్‌లో మీ ఫోన్ నంబరు, మీ మెయిల్ మాత్రమే ఉండాలి. ఇంటర్నెట్ సెంటర్‌లోనో, తెలిసినాయన దగ్గరో రిటర్న్ వేయించుకున్నప్పుడు వాళ్ల నంబరే ఎక్కించి వదిలేస్తుంటారు. డిపార్ట్‌మెంట్ నుంచి నోటీసు వచ్చినా ఆ కబురు మీదాకా రాదు. ఈ రోజే లాగిన్ అయ్యి ప్రొఫైల్‌లో ఏ నంబరు ఉందో చూసుకోండి.

1. ఏడాదికో ఫోల్డర్, దానికి సరైన పేరు

ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు ఒక ఫోల్డర్. పేరు "2025-26 ఆదాయం", "2026-27 ఆదాయం" అని పెట్టండి. ఆదాయం అన్న మాట తప్పకుండా చేర్చండి, కారణం ఉంది. పాత చట్టం లెక్కలో 2025-26లో సంపాదించిన డబ్బుకు అసెస్‌మెంట్ ఇయర్, అంటే పన్ను లెక్క తేల్చే ఏడాది, 2026-27. కొత్త చట్టంలో సంపాదించిన ఏడాదికి ఒక పేరు, లెక్క తేల్చే ఏడాదికి ఇంకో పేరు అనేవి పోయి ట్యాక్స్ ఇయర్ అనే ఒక్క పేరే వస్తుంది. అక్కడ 2026-27 అంటే ఆ ఏడాది సంపాదించిన డబ్బే. అంటే రెండు వేరు వేరు సంవత్సరాల ఆదాయానికి "2026-27" అనే అంకెలే కనిపిస్తాయి. ఒక ఏడాదికి కట్టాల్సిన చలానా ఇంకో ఏడాదికి కట్టేయడం ఇదివరకే మామూలు పొరపాటు, ఇప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి.

ఫోల్డర్ లోపల నాలుగు చాలు: ఆదాయం, కట్టిన పన్ను, తగ్గింపులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు. వీటికి తోడు ఏ ఏడాదికీ చెందని "శాశ్వతం" అనే ఫోల్డర్ ఒకటి విడిగా ఉండాలి. దాని సంగతి కింద చెబుతాను. పది పదిహేను ఫోల్డర్లు చేస్తే రెండో నెలకే విసుగొస్తుంది.

స్కాన్ చేసిన ఫైలుకు తేదీ, విషయం, మొత్తం కలిపి పేరు పెట్టండి. "2026-05-12 ఎల్‌ఐసీ ప్రీమియం 18450" అన్నట్టు. సంవత్సరం, నెల, రోజు ఆ వరసలో రాస్తే ఫైళ్లు వాటంతట అవే తేదీల వారీగా నిలబడతాయి. ఫోన్ పెట్టిన పేరుతోనే వదిలేస్తే జూలైలో ఒక్కొక్కటీ తెరిచి చూసుకోవాలి.

2. నోటు పుస్తకంలో అయిదు గడులు

తేదీ, ఎవరికి లేదా ఎవరి నుంచి, ఎంత, ఎలా ఇచ్చారు, కాగితం ఎక్కడుంది. ఇంతే. ఒక నెల ఇలా ఉంటుంది:

మే 5 – ఇంటి అద్దె – 14,000 – యూపీఐ – రసీదు ఫైల్లో ఉంది
మే 12 – ఎల్‌ఐసీ ప్రీమియం – 18,450 – నా బ్యాంకు ఖాతా – మెయిల్ నుంచి దించాను
మే 20 – తమ్ముడు తిరిగి ఇచ్చిన చేబదులు – 60,000 – బ్యాంకు ట్రాన్స్‌ఫర్ – నేను ఇచ్చింది నిరుడు నవంబర్ 3
మే 28 – అమ్మ మందులు – 3,120 – కార్డు – బిల్లు, ఫొటో రెండూ ఉన్నాయి

మూడో వరస చూడండి. అది ఆదాయం కాదు, ఖర్చూ కాదు. అయినా రాశాం. బ్యాంకు ఖాతాలో పడిన పెద్ద మొత్తం ఎక్కడిదని మూడేళ్ల తర్వాత అడిగితే జవాబు ఆ ఒక్క వరసలో ఉంటుంది. ఇంటి సరుకుల ఖర్చంతా రాయక్కర్లేదు. పన్నుతో సంబంధం ఉన్నవి, జీతం కాకుండా ఖాతాలో పడిన పెద్ద మొత్తాలు రాస్తే చాలు.

3. ఆదాయం కాగితాలు

జీతం: ప్రతి నెలా పేస్లిప్ దించుకుని పెట్టుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో సీఎఫ్ఎంఎస్, తెలంగాణలో ఐఎఫ్ఎంఐఎస్ ద్వారా జీతం తీసుకునే ప్రభుత్వ ఉద్యోగులకూ ఇదే మాట. ఫారం 16 జూన్ 15 లోపు యజమాని ఇవ్వాలి. పార్ట్ ఏ (కోసి కట్టిన పన్ను వివరాలు), పార్ట్ బీ (జీతం, పన్ను లెక్క) రెండూ తీసుకోండి. పార్ట్ ఏ లేకుండా ఆఫీసువాళ్లు టైప్ చేసి ఇచ్చిన కాగితం ఒక్కటీ ఉంటే అది చాలదు.

డీఏ (కరువు భత్యం), పీఆర్‌సీ (వేతన సవరణ) బకాయిలు అందుకున్న ఉపాధ్యాయులు, ఉద్యోగులు, పెన్షనర్లు ఇంకో కాగితం తప్పక పెట్టుకోవాలి: ఏ నెలకు ఎంత రావాలో, ఎంత ఇచ్చారో చూపే డ్యూ అండ్ డ్రాన్ స్టేట్‌మెంట్. పాత సంవత్సరాల బకాయి ఒకేసారి చేతికొస్తే ఈ ఏడాది శ్లాబు పెరిగి పన్ను ఎక్కువ పడుతుంది. ఆ భారం తగ్గించుకోవడానికి సెక్షన్ 89 కింద రిలీఫ్ ఉంది. దానికి ఫారం 10ఈ పోర్టల్‌లో రిటర్న్ కంటే ముందే వేయాలి. సంవత్సరాల వారీ విభజన లేకపోతే ఆ ఫారం నింపలేరు. బకాయి బిల్లు పాసైన వారంలోనే ఆఫీసులో ఆ కాగితం అడిగి తీసుకోండి, ఏడాది తర్వాత అడిగితే ఆ సీట్లో వేరేవాళ్లు ఉంటారు.

ఏడాది మధ్యలో ఉద్యోగం మారితే పాత కంపెనీ జీతం వివరాలు ఫారం 12బీలో కొత్త కంపెనీకి ఇవ్వండి. ఇవ్వకపోతే రెండు చోట్లా స్టాండర్డ్ డిడక్షన్, రెండు చోట్లా శ్లాబు మినహాయింపు లెక్కేసి పన్ను తక్కువ కోస్తారు. మిగిలినదంతా జూలైలో వడ్డీతో సహా మీ నెత్తిన పడుతుంది. రాజీనామా చేసిన రోజే పేస్లిప్పులన్నీ, పాత ఫారం 16లన్నీ దించుకోండి.

బ్యాంకు వడ్డీ: ఏ ఏ బ్యాంకుల్లో, పోస్టాఫీసుల్లో ఖాతాలున్నాయో ఒక పేజీలో జాబితా రాయండి. వాడకుండా వదిలేసిన ఖాతా కూడా రాయండి. ఏప్రిల్ మొదటి వారంలో ఒక్కో బ్యాంకు నుంచి వడ్డీ సర్టిఫికెట్ తీసుకోండి. టీడీఎస్ అంటే డబ్బు ఇచ్చేవాళ్లే ముందుగా కోసి మీ పేరున కట్టే పన్ను. "టీడీఎస్ కట్ చేశారు కదా, ఇక చూపించక్కర్లేదు" అనుకోవడం, "టీడీఎస్ కట్ చేయలేదు కదా, చూపించక్కర్లేదు" అనుకోవడం రెండూ తప్పే. బ్యాంకు వడ్డీ ఏడాదికి 50,000 దాటితే, సీనియర్ సిటిజన్లకు లక్ష దాటితే టీడీఎస్ కోస్తారు. అది కోత పెట్టే పరిమితే తప్ప పన్ను లేని పరిమితి కాదు. అయిదేళ్ల ఎఫ్‌డీ వడ్డీ అంతా చేతికొచ్చినప్పుడే చూపిద్దామనుకోవద్దు. బ్యాంకు ఏటా చేరిన వడ్డీని ఏటా డిపార్ట్‌మెంటుకు తెలియజేస్తుంది, మీరూ ఏటా చూపించుకుంటూ పోతేనే అంకెలు కుదురుతాయి.

జాయింట్ ఎఫ్‌డీల్లో మొదటి పేరు ఎవరిదో చూడండి. అమ్మ డబ్బుతో వేసిన డిపాజిట్‌లో సౌకర్యానికని కొడుకు పేరు ముందు పెడితే వడ్డీ కొడుకు పాన్ మీద చేరుతుంది. రెన్యువల్ చేసేటప్పుడు సరిచేయించండి.

షేర్లు, మ్యూచువల్ ఫండ్లు: బ్రోకర్ దగ్గర ట్యాక్స్ పీ అండ్ ఎల్ (లాభనష్టాల లెక్క), ఫండ్లకు వాటి ఖాతాలు చూసే క్యామ్స్ లేదా కేఫిన్‌టెక్ నుంచి క్యాపిటల్ గెయిన్స్ (అమ్మకం లాభాల) స్టేట్‌మెంట్, రెండూ ఏడాది ముగిశాక దించుకోండి. ఒక డీమ్యాట్ నుంచి ఇంకో డీమ్యాట్‌కు షేర్లు మార్చినవాళ్లు మాత్రం కొన్న తేదీ, కొన్న ధర విడిగా రాసిపెట్టుకోవాలి. కొత్త బ్రోకర్ దగ్గర ఆ వివరాలు ఉండకపోవచ్చు. లిస్టెడ్ షేర్ల మీద దీర్ఘకాలిక లాభం ఏడాదికి 1.25 లక్షల దాకా పన్ను లేకపోయినా రిటర్న్‌లో చూపాలి.

హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో పనిచేస్తూ అమెరికా మాతృసంస్థ షేర్లు అందుకునేవాళ్లు వెస్టింగ్ తేదీ (షేర్లు మీ సొంతమైన రోజు), ఆ రోజు ధర, డివిడెండ్, అక్కడ కోసిన పన్ను అన్నీ విడి షీట్లో రాయండి. రిటర్న్‌లోని విదేశీ ఆస్తుల షెడ్యూల్ జనవరి నుంచి డిసెంబర్ లెక్కన నింపాలి, ఏప్రిల్–మార్చి లెక్కన కాదు. ఆ ఒక్క తేడాతో అంకెలన్నీ తారుమారవుతాయి.

అద్దె ఆదాయం: అగ్రిమెంటు, అద్దె పడిన ఖాతా స్టేట్‌మెంటు, మున్సిపాలిటీకి మీరు కట్టిన ఇంటిపన్ను రసీదు. అద్దెకిచ్చిన ఇంటికి ఆ పన్ను తీసేశాక మిగిలినదాంట్లో 30 శాతం తగ్గింపు దానంతట అదే వస్తుంది, సున్నం రంగుల బిల్లులు అక్కర్లేదు.

వ్యవసాయం: పన్ను లేదు కదా అని కాగితం పడేయకండి. ఊళ్లో పొలం ఉండి వేరే ఆదాయం కూడా ఉన్నవాళ్లు రిటర్న్‌లో వ్యవసాయాదాయం చూపాలి. 5,000 దాటితే సులువైన రిటర్న్ ఫారం ఐటీఆర్-1 కుదరదు. పట్టాదారు పాస్‌బుక్ నకలు, పంట అమ్మినప్పటి తక్‌పట్టీ (అమ్మకం చీటీ), కౌలుకిస్తే కౌలు కాగితం, విత్తనాలూ ఎరువుల బిల్లులు ఒక కవర్లో వేయండి. ఖాతాలో పడిన నగదు ధాన్యం అమ్మిన డబ్బే అని చెప్పాలంటే తక్‌పట్టీకి మించిన ఆధారం లేదు.

4. ఆదాయం కాని డబ్బుకు కూడా కాగితం

ఇది మన దగ్గర అందరూ వదిలేసే భాగం, నా ఉద్దేశంలో అన్నిటికన్నా ముఖ్యమైనది.

పెళ్లిలో వధూవరులకు వచ్చిన కానుకల మీద పన్ను లేదు. కానీ పెళ్లి తర్వాత నాలుగు లక్షలు బ్యాంకులో వేస్తే అది ఎక్కడిదో చెప్పగలగాలి. చదివింపుల పుస్తకం పారేయకండి, పేజీలన్నీ స్కాన్ చేయండి, శుభలేఖ ఒకటి దాంతో కలిపి పెట్టండి. గృహప్రవేశానికీ పుట్టినరోజుకూ ఈ మినహాయింపు లేదు. ఆ సందర్భాల్లో బంధువులు కానివాళ్ల నుంచి ఏడాది మొత్తం మీద వచ్చింది 50,000 దాటితే మొత్తం పన్నులోకి వస్తుంది. తల్లిదండ్రులు, తోబుట్టువులు ఇచ్చినదానికి పరిమితి లేదు. పెద్ద మొత్తమైతే ఒక తెల్లకాగితం మీదైనా ఇచ్చినవాళ్ల సంతకంతో రాయించుకుని, డబ్బు బ్యాంకు ద్వారా తీసుకోండి.

చిట్టీ పాడిన డబ్బు వస్తే పాస్‌బుక్, పాట జరిగిన నెల, చేతికొచ్చిన మొత్తం రాసుకోండి. చేబదుళ్లకు ఒక నియమం గుర్తుంచుకోండి: 20,000, అంతకు మించిన అప్పు నగదుగా తీసుకోకూడదు. తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడే ప్రమాదం ఉంది. అన్నదమ్ముల మధ్యైనా బ్యాంకు ద్వారానే జరగనివ్వండి.

5. తగ్గింపుల కాగితాలు (పాత విధానంలో ఉన్నవాళ్లకు)

కొత్త విధానంలో ఉన్నవాళ్లు అద్దె మీద టీడీఎస్ మాట, అద్దెకిచ్చిన ఇంటి రుణం వడ్డీ మాట తప్ప మిగతాది దాటేయొచ్చు. ఎటు వెళ్లాలో ఇంకా తేల్చుకోనివాళ్లు మాత్రం పాత విధానమే అనుకుని పోగుచేయండి. కాగితాలుంటే జూలైలో రెండు లెక్కలూ వేసి చూసుకోవచ్చు.

80సీ కింద 1.5 లక్షల దాకా. పీఎఫ్, జీపీఎఫ్, ఏపీజీఎల్ఐ (ఏపీ ప్రభుత్వ ఉద్యోగుల జీవిత బీమా) లాంటివి పేస్లిప్‌లోనే ఉంటాయి. పిల్లల ఫీజులో ట్యూషన్ ఫీజు మాత్రమే లెక్క. బస్సు ఫీజు, డెవలప్‌మెంట్ ఫీజు కుదరవు. స్కూలువాళ్లు అంతా కలిపి ఒకే అంకె వేసి ఇస్తే, విడగొట్టి రాసిన సర్టిఫికెట్ అడగండి. ఎల్‌ఐసీలో మీ పేరు, భార్య లేదా భర్త పేరు, పిల్లల పేర్ల మీద ఉన్న పాలసీలకే. అమ్మానాన్నల పాలసీకి మీరు ప్రీమియం కట్టినా 80సీలో రాదు.

ఆరోగ్య బీమా 80డీ కింద వస్తుంది, దీంట్లో మాత్రం అమ్మానాన్నలకు కట్టినదీ లెక్కే. అరవై దాటిన తల్లిదండ్రులకు బీమా లేకపోతే వాళ్ల వైద్యం ఖర్చు 50,000 దాకా చూపుకోవచ్చు. షరతు ఏమిటంటే నగదుగా కట్టకూడదు. మందుల షాపులో కార్డో, యూపీఐయో వాడండి, బిల్లు మీద వాళ్ల పేరు రాయించండి, ఇంటికి రాగానే ఫొటో తీయండి. ఆ థర్మల్ కాగితం మీద అక్షరాలు ఆరు నెలలు కూడా నిలవకపోవచ్చు.

మీరు కట్టే అద్దె: జీతంలోని ఇంటి అద్దె భత్యానికి (హెచ్‌ఆర్‌ఏ) మినహాయింపు కోసం, ఏడాదికి లక్ష దాటితే ఓనరు పాన్ కావాలి. పైన రాసిన 14,000 అద్దె ఏడాదికి 1,68,000 అవుతుంది కాబట్టి ఆ ఇంటికి పాన్ తప్పదు. ఇంట్లో దిగేటప్పుడే, అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే అడగండి. ఖాళీ చేసేటప్పుడు అడిగితే ఇవ్వరు. నగదుగా ఇస్తే 5,000 దాటిన రసీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు ఉండాలి. నెల అద్దె 50,000 దాటితే మీరే 2 శాతం టీడీఎస్ కోసి కట్టాల్సిన బాధ్యత కూడా ఉంది, అది కొత్త విధానంలో ఉన్నవాళ్లకూ వర్తిస్తుంది.

ఇంటి రుణానికి బ్యాంకు ఇచ్చే వడ్డీ సర్టిఫికెట్ రెండుసార్లు తీసుకోవాలి. జనవరిలో ఆఫీసుకు ఇవ్వడానికి అంచనాది, ఏప్రిల్‌లో అసలుది. రిటర్న్‌లో రెండోదే వాడండి.

విరాళాలు: టీటీడీ అన్నప్రసాదం ట్రస్టు లాంటి 80జీ (విరాళాలకు పన్ను తగ్గింపు) గుర్తింపు ఉన్న సంస్థలకు ఇచ్చినదే చెల్లుతుంది. 2,000 దాటి నగదుగా ఇస్తే చెల్లదు. హుండీలో వేసినదానికి కాగితమే ఉండదు. రసీదుతో ఆగకుండా ఆ సంస్థ నుంచి ఫారం 10బీఈ అనే విరాళం సర్టిఫికెట్ వచ్చిందో లేదో మే నెల చివర చూసుకోండి.

హెచ్చరిక: కాగితం లేని తగ్గింపు రాయించకండి. "ఎవరూ అడగరు, రిఫండ్ ఇప్పిస్తాను, అందులో నాకింత" అనే ఏజెంట్లు అన్ని ఊళ్లలోనూ ఉన్నారు. 2025 జూలైలో ఇలాంటి దొంగ క్లెయిముల మీదే డిపార్ట్‌మెంట్ దేశవ్యాప్తంగా 150 చోట్ల తనిఖీలు చేసింది. ఇప్పుడు రిటర్న్‌లోనే పాలసీ నంబరు, బీమా కంపెనీ పేరు, ఇంటి రుణం ఖాతా నంబరు వేయమంటున్నారు. ఏజెంటు పోతాడు, పాన్ మీది. పన్ను, వడ్డీ, జరిమానా కట్టేది మీరే.

6. మూడు నెలలకోసారి సరిచూసుకోండి

ఈ అడుగు వదిలేస్తే మిగతావి చేసినా ఉపయోగం తక్కువ. టీడీఎస్ కోసినవాళ్లు మూడు నెలలకోసారి డిపార్ట్‌మెంటుకు లెక్క చెప్పాలి. గడువులు జూలై 31, అక్టోబర్ 31, జనవరి 31, మే 31. అందుకని ఆగస్టు, నవంబర్, ఫిబ్రవరి, జూన్ నెలల మధ్యలో పోర్టల్ తెరిచి రెండు కాగితాలు దించుకోండి.

ఫారం 26ఏఎస్: మీ పేరున కట్టిన టీడీఎస్ ఇందులో ఉంటుంది. పేస్లిప్‌లో పన్ను కోత ఉండి ఇక్కడ లేదంటే, కోసినవాళ్లు కట్టలేదు, లేదా మీ పాన్ తప్పుగా వేశారు, లేదా ఇంకా లెక్క పంపలేదు. డబ్బు మీ జీతంలోంచి పోయి కూడా మళ్లీ కట్టమని డిమాండ్ వచ్చేది ఇలాగే. ఆగస్టులోనే పట్టుకుంటే జీతాల సెక్షన్‌లో అడిగి సరిచేయించొచ్చు. ఫోన్‌లో చెప్పి వదిలేయకుండా పేస్లిప్ నకలు జతచేసి మెయిల్ గానీ లెటర్ గానీ ఇవ్వండి, దాని కాపీ కూడా ఫైల్లో వేయండి.

ఏఐఎస్ (యాన్యువల్ ఇన్ఫర్మేషన్ స్టేట్‌మెంట్): ఇందులో వడ్డీ, డివిడెండ్, షేర్ల అమ్మకాలు, ఆస్తి రిజిస్ట్రేషన్లు, పెద్ద నగదు డిపాజిట్లు ఉంటాయి. సేవింగ్స్ ఖాతాల్లో ఏడాదిలో 10 లక్షలు, ఆ పైన నగదు వేసినా, 30 లక్షలు, ఆ పైన విలువైన ఆస్తి కొన్నా అమ్మినా అవి డిపార్ట్‌మెంటుకు చేరతాయి. దించుకున్న పీడీఎఫ్ తెరవడానికి పాస్‌వర్డ్: చిన్న అక్షరాల్లో మీ పాన్, వెంటనే పుట్టినతేదీ ఎనిమిది అంకెల్లో.

సరిచూడటం ఎలా? ఏఐఎస్‌లో ఉన్న ఒక్కో వరసకు మీ పుస్తకంలో జోడీ వెతికి టిక్ పెట్టండి. మీ వడ్డీ లెక్క 38,600, ఏఐఎస్‌లో 41,200 ఉందనుకోండి. తేడా 2,600. ఏఐఎస్‌లో బ్యాంకుల వారీగా విడగొట్టి చూడండి, ఏ బ్యాంకు దగ్గర తేడా ఉందో తేలుతుంది. చాలాసార్లు అది మర్చిపోయిన రికరింగ్ డిపాజిట్ అవుతుంది. మీది కాని ఎంట్రీ ఉంటే, ఒకే మొత్తం రెండుసార్లు పడితే, అక్కడే ఫీడ్‌బ్యాక్ ఇచ్చే వీలుంది. ఇచ్చాక వచ్చే రసీదు నంబరు దాచుకోండి.

ఏఐఎస్‌లో లేదు కాబట్టి చూపించక్కర్లేదు అనుకోవద్దు. అద్దె ఆదాయం అందులో కనిపించకపోవచ్చు. అయినా అది మీ ఆదాయమే.

టీడీఎస్ పోను ఇంకా 10,000, ఆ పైన పన్ను కట్టాల్సి వచ్చేలా ఉంటే అడ్వాన్స్ ట్యాక్స్ జూన్ 15, సెప్టెంబర్ 15, డిసెంబర్ 15, మార్చి 15 తేదీల్లో కట్టాలి. వ్యాపారాదాయం లేని సీనియర్ సిటిజన్లకు ఈ బెడద లేదు. చలానా కట్టాక బీఎస్ఆర్ కోడ్ (బ్యాంకు శాఖ నంబరు), చలానా నంబరు కనిపించేలా పీడీఎఫ్ దించండి. బ్యాంకు మెసేజ్ ఫొటో చాలదు.

7. రిటర్న్ వేసిన రోజు

అకనాలెడ్జ్‌మెంట్ ఒక్కటే పట్టుకుని వచ్చేస్తుంటారు. మూడు కాగితాలు కావాలి: అకనాలెడ్జ్‌మెంట్, నింపిన ఐటీఆర్ పూర్తి ఫారం, పన్ను లెక్క వేసిన షీటు. నింపిన ఫారం చూస్తేనే మీ పేరున ఏం రాశారో తెలుస్తుంది. వేరేవాళ్లు వేసినప్పుడు సబ్మిట్ నొక్కకముందే దాన్ని చదవండి. 80సీ గడిలో మీరు చెప్పని అంకె ఉంటే అక్కడే ఆపించండి.

30 రోజుల్లో ఈ-వెరిఫై చేయాలి. ఆధార్ ఓటీపీతో అయిపోతుంది. అది చేయకపోతే రిటర్న్ వేయనట్టే. కొన్ని వారాలకు, ఒక్కోసారి నెలలకు, 143(1) ఇంటిమేషన్ (రిటర్న్ సరిచూశామని డిపార్ట్‌మెంట్ పంపే కాగితం) మెయిల్‌కు వస్తుంది. అందులో మీరు వేసిన అంకె ఒక పక్క, డిపార్ట్‌మెంట్ లెక్క ఒక పక్క ఉంటాయి. రెండూ ఒకటే అయితే ఆ ఏడాది ఫైలు పూర్తయినట్టు. తేడా ఉంటే ఏ వరసలో వచ్చిందో చూసి, మీ కాగితం పక్కన పెట్టుకుని జవాబివ్వండి. టెన్షన్ పడి డిమాండ్ కట్టేయకండి, చాలావాటికి కారణం టీడీఎస్ సరిపోలకపోవడమే.

8. ఎన్నేళ్లు ఉంచాలి?

పాత చట్టం కింద అసెస్‌మెంట్ ఇయర్ ముగిశాక మామూలుగా 3 ఏళ్ల 3 నెలల దాకా, చూపని ఆదాయం 50 లక్షలు, ఆ పైన ఉంటే 5 ఏళ్ల 3 నెలల దాకా పాత రిటర్న్ తిరగదోడొచ్చు. కాబట్టి ఎనిమిదేళ్ల కాగితాలు ఉంచితే నిశ్చింత. స్కాన్ కాపీలైతే ఎప్పటికీ తీసేయక్కర్లేదు.

"శాశ్వతం" ఫోల్డర్‌కు ఈ లెక్క వర్తించదు. ఇల్లు, స్థలం కొన్న దస్తావేజు, స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ రసీదులు, తర్వాత పై అంతస్తు వేసిన బిల్లులు, బంగారం బిల్లులు, షేర్లు, ఫండ్లు కొన్న కాగితాలు అమ్మేదాకా ఉండాలి. అమ్మాక ఇంకో ఎనిమిదేళ్లు ఉండాలి. 2024 జూలై 23కు ముందు కొన్న ఇల్లు, స్థలం అమ్మేటప్పుడు దేశంలో నివసించే వ్యక్తులు 12.5 శాతమా, ఇండెక్సేషన్‌తో (కొన్న ధరను ధరల పెరుగుదల మేరకు పెంచి లెక్కించడం) 20 శాతమా అని ఏది తక్కువైతే అది కట్టొచ్చు. ఇంటిమీద పెట్టిన ఖర్చుకు బిల్లులు లేకపోతే రెండు లెక్కల్లోనూ నష్టపోతారు. నాన్నగారి నుంచి వచ్చిన ఆస్తికి ఆయన కొన్న ధరే మీకు ఆధారం, అందుకని లింకు డాక్యుమెంట్లు కూడా ఇందులోనే ఉండాలి. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నదైతే ఆ తేదీ నాటి విలువను తీసుకోవచ్చు. దానికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మార్కెట్ విలువ సర్టిఫికెట్ తెచ్చి పెట్టుకోండి.

విదేశాల్లో ఉంటూ ఇక్కడ అద్దెలు, డిపాజిట్లు ఉన్నవాళ్లు పాత పాస్‌పోర్టుల్లో స్టాంపు పడిన ప్రతి పేజీ స్కాన్ చేసి ఇదే ఫోల్డర్‌లో వేయండి. ఆ ఏడాది ఇక్కడ ఎన్ని రోజులున్నారన్నదాన్ని బట్టే మీరు రెసిడెంటా, ఎన్ఆర్ఐయా అన్నది తేలుతుంది.

చివరగా ఇంకో పని. బాక్స్ ఫైలు ఎక్కడుందో, స్కాన్ కాపీలు ఎక్కడున్నాయో ఇంట్లో ఇంకొకరికి చూపించి పెట్టండి. ఇంటి పెద్ద చనిపోయినప్పుడు ఆ ఏడాది ఆయన ఆదాయానికి వారసులే పోర్టల్‌లో నమోదై రిటర్న్ వేయాలి. ఆయన పేరున కోసిన టీడీఎస్ రిఫండ్ కూడా వాళ్లే తెచ్చుకోవాలి. ఖాతాల జాబితా ఉన్న ఆ ఒక్క పేజీ నకలు తీసి ఫైలు మొదటి కవర్లో పెట్టి, ప్రతి ఏప్రిల్‌లో కొత్తది రాయండి.